కోడ్ సరిగ్గానే రాశాను, ఉద్యోగం ఎందుకు రాలేదు?

ప్రశ్న: మేడమ్, ఒక పెద్ద టెక్నాలజీ సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగం కోసం నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూకు హాజరయ్యాను. ఆరు నెలలు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని 500 కోడింగ్ లెక్కలు సాధన చేశాను. ఇంటర్వ్యూలో అడిగినవన్నీ పూర్తి చేశాను. పది రోజులకు రెండు వాక్యాల తిరస్కరణ మెయిల్ వచ్చింది. కారణం చెప్పరట. లోపల తెలిసినవాళ్లుంటేనే తీసుకుంటారని మా బాబాయి అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బాబాయిగారి మాట సగమే నిజం. తెలిసినవాళ్లు రిఫరల్ ఇస్తే మీ దరఖాస్తును ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. గుమ్మం దాటాక ఆ పరిచయం పెద్దగా అక్కరకు రాదు. కారణం చెప్పకపోవడానికి కోర్టు గొడవల భయం ఒకటి. అది మీ ఒక్కరికే జరిగింది కాదు.

గచ్చిబౌలిలో పదిహేడేళ్లు పనిచేసి, ఎన్నో ఇంటర్వ్యూలు చేసినదాన్ని కాబట్టి బల్లకు అటువైపు సంగతి చెబుతాను. మీరు లెక్క చేస్తుండగా ఎదుటి మనిషి టకటకా టైపు చేస్తుంటారు కదా, మీ మాటలనే రాసుకుంటున్నారన్నమాట. గూగుల్‌నే తీసుకోండి. అక్కడ ఎంతోకాలంగా ఉన్న పద్ధతిలో, అభ్యర్థి ముఖం కూడా చూడని హైరింగ్ కమిటీ ఈ నోట్స్ చదివి విషయం తేలుస్తుంది. అమెజాన్‌లో వేరే టీమ్ నుంచి ‘బార్ రైజర్’ అని ఒకరు వస్తారు. మేనేజరుకు మనిషి ఎంత అవసరమైనా, ఆ ఒక్కరు వద్దంటే వద్దే.

ఒకసారి ఒక అమ్మాయికి తేలికైన లెక్కే ఇచ్చాను. ఒక జాబితాలో ఏ రెండు సంఖ్యలు కలిపితే 100 వస్తుందో కనిపెట్టాలి. వినగానే తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు కీబోర్డు చప్పుడే తప్ప మాట లేదు. కోడ్ తప్పు లేకుండా పనిచేసింది. కానీ నేను కావాలనే కొన్ని చెప్పకుండా వదిలేశాను. జాబితా చిన్న సంఖ్య నుంచి పెద్దదానికి వరుసలో ఉందా? ఒకే 50ని రెండుసార్లు వాడుకోవచ్చా? అసలు జతే లేకపోతే? ఒక్కటీ అడగలేదు. హాష్ మ్యాప్ (చూసిన సంఖ్యలను దాచుకుని, కావాల్సినప్పుడు వెంటనే వెతికిపెట్టే పట్టిక) ఎందుకు వాడావమ్మా అంటే, “అలాగే చేస్తారు మేడమ్” అంది. నా నోట్స్ మూడు వాక్యాలతో ఆగిపోయాయి.

తర్వాత వచ్చిన కుర్రాడు ముందుగా, ప్రతి సంఖ్యనూ మిగతా అన్నిటితో కలిపి చూసే రెండు లూపుల దారి చెప్పాడు. “పది లక్షల సంఖ్యలుంటే దాదాపు యాభై వేల కోట్ల జతలు చూడాలి, ఇది కుదరదు” అని తనే నవ్వుకున్నాడు. జాబితా వరుసలో ఉంటే రెండు చివరల నుంచి లోపలికి రావచ్చన్నాడు. గడువు ముగిసేసరికి ఇంకా నాలుగు లైన్లు మిగిలే ఉన్నాయి. అతని గురించి పేజీన్నర రాశాను, ఉద్యోగం అతనికే వచ్చింది. ఆ అమ్మాయికి అన్యాయం చేశామా అని ఇప్పటికీ అనిపిస్తుంది. నోరు మూసుకుని లెక్క చేసేవాళ్లనే మెచ్చుకునే బడుల్లో చదువుకుని వచ్చింది పాపం!

మీకు 500 చాలు. ఇకమీదట రోజుకు ఒక్క లెక్క, పైకి మాట్లాడుతూ చేయండి. ఎదురుగా అమ్మగారినో తమ్ముణ్నో కూర్చోబెట్టుకోండి. వాళ్లకు కోడ్ రాకపోతే మరీ మంచిది. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుందనే రకం పొడుపుకథలు మాత్రం బట్టీ పట్టకండి. వాటితో ఉపయోగం లేదని గూగుల్‌లో మానవ వనరుల విభాగం చూసిన లాస్లో బాక్ 2013లోనే చెప్పేశారు.

ప్రశ్న: గచ్చిబౌలిలోని పెద్ద కంపెనీలో మా అమ్మాయికి ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామని అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీవాళ్లు రెండు లక్షలు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పేరున్న ఏ సంస్థా ఉద్యోగానికి డబ్బు అడగదు. ఆఫర్ లెటర్ చూపిస్తే, అది ఏ మెయిల్ చిరునామా నుంచి వచ్చిందో అమ్మాయినే చూడమనండి. కంపెనీ పేరు ఉండాల్సిన చోట జీమెయిల్ అని ఉంటే ఇక అడగాల్సిందేమీ లేదు. ఇప్పటికే అడ్వాన్సు ఆన్‌లైన్‌లో పంపి ఉంటే ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి.