ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు నేను హాల్లోనే పడుకున్నాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్యాన్సర్ వల్ల మీ భార్యకు రొమ్ము తీసేసి పది నెలలయింది, కీమో ముగిసింది, రిపోర్టులు బాగున్నాయి, అయినా ఆమె మిమ్మల్ని దగ్గరకు రానివ్వడం లేదు. ప్రాణం దక్కిందే చాలు అనుకోవలసిన సమయంలో నాకు ఆ కోరిక కలగడం తప్పా అని అడిగారు. తప్పు కాదు. ఆరేళ్ల క్రితం నేనూ ఇదే ప్రశ్నతో, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయాను. అందుకే దాచకుండా రాస్తున్నాను.

అప్పటికి నా భార్యకు 41 ఏళ్లు. ఎడమ రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులు కూడా తీశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఒంటికి రెండు గొట్టాలు ఉన్నాయి. రోజూ ఉదయం వాటిలోంచి దిగిన నీరు ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి నోటు పుస్తకంలో రాసేవాణ్ని. ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు కాబట్టి జడ కూడా నేనే వేసేవాణ్ని. నిద్రలో నా చెయ్యి తగులుతుందేమోనని నేను హాల్లో మంచం వేసుకున్నాను, మా అమ్మాయి వాళ్లమ్మ పక్కన పడుకునేది. నాలుగు రోజులకని చేసుకున్న ఆ ఏర్పాటు ఏడాది నడిచింది. లోపలికి రండి అని ఆమె అనలేదు, రానా అని నేను అడగలేదు.

కీమో ఎనిమిది విడతలు, 21 రోజులకొకటి. మొదటి నాలుగూ ఎర్రమందు, అంటే ఎర్రగా ఉండే కీమో మందు. రెండో విడత నాటికే జుట్టంతా రాలిపోయి, జడ వేసే పని కూడా లేకుండా పోయింది. చీర మార్చుకునేటప్పుడు తలుపు గడియ పెట్టుకునేది. ఎప్పుడైనా పైట జారితే నేను చూపు తిప్పుకునేవాణ్ని. ఆమె ఇబ్బంది పడకూడదని నా ఉద్దేశం. చూడలేక తిప్పుకుంటున్నానని ఆమె అనుకుందట.

రేడియేషన్ పూర్తయ్యాక ఒకరోజు చర్మానికి క్రీము రాస్తుంటే, “మీరు నన్ను నర్సు ముట్టుకున్నట్టు ముట్టుకుంటున్నారండీ” అంది. ఏడవలేదు, మామూలుగానే అంది. నా చెయ్యి ఆగిపోయింది. జ్వరం ఎంత, తెల్లకణాలు ఎన్ని, కుట్లు ఆరాయా లేదా... ఏడాదిగా ఆమె ఒంటితో నాకున్న సంబంధం అంతే మరి.

పదిహేడేళ్ల కాపురంలో ఆ విషయం నోరు విప్పి మాట్లాడుకున్నది ఆ రాత్రే. నువ్వు నాకు కావాలి, కానీ ఎక్కడ నొప్పి పుడుతుందోనని భయం అన్నాను. ఛాతీ మీద ముట్టుకుంటే తన చర్మంలా అనిపించడం లేదని, లేని రొమ్ములో ఒక్కోసారి దురద పుడుతుందని చెప్పింది. ఆపరేషన్‌లో నరాలు తెగడం వల్ల అలా ఉంటుందట. అక్కడ వద్దు, మెడ, వీపు అయితే బాగుంటుంది అంది. ఈ ఒక్క మాట అడగడానికి నాకు ఏడాది పట్టింది.

జుట్టు మళ్లీ వచ్చింది, పొట్టిగా, ఉంగరాలు తిరిగి. ఆదివారాలు తలకు నూనె పెట్టేవాణ్ని. ఇంతకు మించి ఏమీ ఉండదని ముందే మాటిచ్చి, రెండు నెలలు ఆ మాట మీదే ఉన్నాను. ఆ మాట వల్లే తన భయం పోయిందని తర్వాత చెప్పింది. దయచేసి ఇక్కడ తొందరపడకండి.

ఇక శరీరం సంగతి. మొదటిసారి దగ్గరైనప్పుడు ఆమెకు మంట పుట్టి ఏడ్చేసింది. మనసు లేకనేమో అనుకున్నాను, చాలా పొరపాటు. కీమోతో నెలసరి ఆగిపోతే లోపల తడి తగ్గి పొడిబారుతుంది, హార్మోను మాత్రలతోనూ కొందరికి అలా అవుతుంది. నోటితో అడగలేక కాగితం మీద రాసి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె ఏ మాత్రం తడుముకోకుండా, మందుల షాపులో నీటితో చేసిన జెల్ దొరుకుతుంది వాడండి, నొప్పి ఉంటే ఆపేయండి, ఈస్ట్రోజెన్ క్రీములు మాత్రం మమ్మల్ని అడగకుండా వాడొద్దు అని చెప్పారు. నెలసరి ఆగినా గర్భం వచ్చే అవకాశం ఉంటుందని, టామాక్సిఫెన్ అనే ఆ హార్మోను మాత్ర వాడుతున్నప్పుడు గర్భం రాకూడదని, నా భార్యది హార్మోన్ల వల్ల పెరిగే రకం క్యాన్సర్ కాబట్టి గర్భనిరోధక మాత్రలు పనికిరావని, కండోమే వాడమని కూడా అన్నారు. కండోమ్‌తో కొబ్బరినూనె వాడకండి, రబ్బరు చిరుగుతుంది. మనం అడగకపోతే ఇవన్నీ ఎవరూ చెప్పరు.

మంచం మీద పక్కలు కూడా మార్చుకున్నాం. ఇప్పుడు నేను ఆమె కుడివైపు పడుకుంటాను, ఎడమ చెయ్యి దిండు మీద పెట్టుకుంటుంది. కొన్ని రాత్రులు జాకెట్టు తీయదు, నేను అడగను. మునుపటిలా ఉందా అంటే లేదు. దగ్గరగా మాత్రం ఉన్నాం.

మీరు చాలా విషయాలు రాశారు గానీ, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నారో రాయలేదు. హాల్లో అయితే, పక్కన పడుకోవచ్చా అని ఈ రాత్రే ఆమెను అడగండి. పడుకోవడానికి మాత్రమే.