కాలిఫోర్నియాలో రాబరీ కేసులో జ్యూరీ దోషి అంది, అప్పీల్‌లో కేసు మళ్లీ మొదటినుంచి వింటారా?

వినరండీ. మీ తమ్ముడి తరఫున చెప్పగల కొత్త సాక్షి దొరికాడన్నారు కదా, అప్పీల్ కోర్టు అతన్ని పిలవనే పిలవదు. ఇండియాలో హైకోర్టు అప్పీల్‌లో సాక్ష్యాలన్నీ మళ్లీ పరిశీలించగలదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఇక్కడా అంతే అనుకుంటారు. మా పిన్ని కొడుకు కేసులో మా బాబాయి చివరిదాకా "మనవాడే జడ్జిగారికి నేరుగా చెప్పుకుంటే పోలా?" అనేవారు. వాదన రోజు మాట్లాడేది లాయర్లు, వినేది ముగ్గురు జస్టిసులు, అంతే.

ముందు తేదీ చూసుకోండి. శిక్ష వేసిన రోజు నుంచి 60 రోజుల్లోపు నోటీస్ ఆఫ్ అప్పీల్‌ను ట్రయల్ జరిగిన సుపీరియర్ కోర్టులోనే వేయాలి. డబ్బు లేకపోతే అప్పీల్‌కి కోర్టే లాయర్‌ని ఇస్తుంది. మాకు అలా వచ్చినావిడ ట్రాన్‌స్క్రిప్ట్ (ట్రయల్‌లో అన్న మాటల రికార్డు) మొత్తం ఎంతో ఓపికగా చదివారు.

సాక్షి అబద్ధమాడాడన్న గొడవ వదిలేయమని మొదటే చెప్పారావిడ. ఎవరిని నమ్మాలన్నది జ్యూరీ ఇష్టం. ట్రయల్‌లో చట్టపరంగా తప్పు జరిగిందా, దానివల్ల ఫలితం మారేదా అన్నదే పై కోర్టు చూస్తుంది. మావాడిది షాపులో వస్తువు తీసుకుని, పార్కింగ్‌లో ఆపిన గార్డును తోసిన కేసు. తీసుకున్న వస్తువును దక్కించుకోడానికి బలం వాడితే, 1983 నాటి ఎస్టెస్ అనే కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు తీర్పు ప్రకారం అదీ రాబరీయే. వస్తువు వదిలేశాకే తోపులాట జరిగిందని మా వాదన. అందుకు తగ్గ సాక్ష్యం ఉన్నప్పుడు, మామూలు దొంగతనం కింద కూడా తీర్పు ఇవ్వొచ్చని జడ్జి జ్యూరీకి చెప్పాలి, లాయర్ అడగకపోయినా సరే. ఇక్కడ చెప్పలేదు. తప్పే గానీ, చెప్పినా ఫలితం మారేది కాదని కోర్టు తేల్చేసింది!

శిక్ష విషయంలో మాత్రం పని జరిగింది. సెకండ్ డిగ్రీ రాబరీకి 2, 3 లేదా 5 ఏళ్లు. మావాడికి 5 వేశారు. గరిష్ఠ శిక్ష వేయాలంటే అందుకు కారణాలు, నిందితుడు తానే ఒప్పుకుంటే తప్ప, సాధారణంగా విచారణలో రుజువు కావాలని 2022 జనవరి నుంచి చట్టం మారింది. పై కోర్టు ఆ భాగాన్ని కింది కోర్టుకి వెనక్కి పంపితే 3కి దిగింది.

మీ కొత్త సాక్షి సంగతి హేబియస్ కార్పస్ పిటిషన్‌లో (జైల్లో ఉంచడం చట్టబద్ధం కాదని సవాలు చేసేది) వేయాలి. అది వేరే దారి, లాయర్‌కి ఇప్పుడే చెప్పండి.

మీ తమ్ముడు వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా కలవండి. దొంగతనం కిందికొచ్చే నేరానికి ఏడాది, ఆపైన శిక్ష పడితే అది ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో తీవ్రమైన నేరం (అగ్రవేటెడ్ ఫెలనీ), అంటే డిపోర్టేషన్ దాకా వెళ్తుంది. అలాంటివాళ్లకు 5 ఏళ్లు 3 అయినా లాభం లేదు, రాబరీ కాస్తా చిన్న దొంగతనంగా మారితేనే ఊరట.