పదిహేనేళ్ల అబ్బాయితో దేవుని గురించి ఇంట్లో ఎలా మాట్లాడాలి?

వందనాలు సిస్టర్.

మీరు రాసింది నాకు ఇలా అర్థమైంది. బాబు పదో తరగతి. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ప్రైజులు తెచ్చినవాడు, ఇప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో గోడకి ఆనుకుని ఎప్పుడైపోతుందా అని చూస్తున్నాడు. మొన్న "ఇవన్నీ నిజంగా నిజమేనా?" అని అడిగితే వాళ్ల నాన్నగారు కోప్పడ్డారు. ఆ తర్వాత మళ్లీ నోరు విప్పలేదు. మామూలు మాటల్లో విశ్వాసం గురించి ఎలా మాట్లాడాలి అన్నది మీ ప్రశ్న. సండే స్కూల్లోనూ చర్చి యూత్ గ్రూపులోనూ ఈ వయసు పిల్లలతో పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను.

ముందు ఆ ప్రశ్న దగ్గరికే తిరిగి వెళ్లండి. పిల్లవాడు ఆ మాట బయట ఎవరితోనో కాకుండా మీతో అన్నాడంటే మీ మీద ఇంకా నమ్మకం ఉన్నట్టే. పన్నెండేళ్ల యేసు కూడా దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు అడిగాడని లూకా 2:46లో ఉంది. కాబట్టి ఇద్దరే ఉన్నప్పుడు, "మొన్న నువ్వడిగింది మేం సరిగ్గా వినలేదు నాన్నా. ఏ విషయంలో అనిపించింది నీకు?" అనండి. వీలైతే ఈ మాట నాన్నగారే అంటే ఇంకా మంచిది, కోప్పడింది ఆయన కాబట్టి. "ఏమో" అంటే వదిలేయండి. రెండు మూడు రోజుల్లో తనే వస్తాడు.

"అన్నీ నిజమేనా" అన్న ప్రశ్న వెనక సాధారణంగా ఏదో ఒక్క విషయం ఉంటుంది. అది తెలియకుండా జవాబు చెప్తే ఎక్కడా తగలదు.

సైన్సు పుస్తకంలో డార్విన్ పాఠం చదివి వచ్చిన సందేహమైతే, పుస్తకమా యేసా తేల్చుకోమని అతన్ని ఇరుకున పెట్టకండి. ఆదికాండము మొదటి అధ్యాయాన్ని నమ్మకమైన క్రైస్తవులే ఒకటి కంటే ఎక్కువ రకాలుగా చదువుతారని ఉన్నదున్నట్టు చెప్పండి. క్రీస్తు మృతుల్లోంచి లేవకపోతే మన విశ్వాసం వ్యర్థమని పౌలే 1 కొరింథీ 15:14లో రాశాడు. విశ్వాసమంతా నిలబడింది పునరుత్థానం మీద కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎంత ప్రార్థన చేసినా తాతయ్య చనిపోయాడన్న బాధ అయితే వివరణ జోలికి పోవద్దు. "దేవుని చిత్తం" అన్న మాట ఆ వయసులో తలుపు వేసినట్టు వినిపిస్తుంది. 13వ కీర్తన ఆరు వచనాలే. "యెహోవా, ఎన్నాళ్లు?" అని మొదలవుతుంది. అది కలిసి చదివి ఊరుకోండి. దేవుణ్ణి అలా అడగొచ్చని బైబిల్లోనే ఉందని తెలిస్తే చాలామంది పిల్లలకు గుండె తేలికపడుతుంది.

"మా ఫ్రెండ్ అంత మంచివాడు, వాడు నరకానికి పోతాడా?" అన్నది ఇంకొకటి. దాంట్లో స్నేహితుడి మీద ప్రేమ ఉంది, ముందు దాన్ని మెచ్చుకోండి. అబ్రాహాము ఆదికాండము 18:25లో ఇదే బాధతో దేవుణ్ణి నిలదీశాడు, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని. ఆ అధ్యాయం చూపించండి. ఫలానావాళ్లు ఎక్కడికి పోతారో మనం తేల్చి చెప్పక్కర్లేదు.

ఇక మందిరంలో (చర్చిలో) కమిటీ గొడవో, కానుకల లెక్కల మీద కొట్లాటో చూసి మనసు విరిగి ఉంటే, అది తప్పేనని ఒప్పుకోండి. తన కళ్లతో చూసినదాన్ని మీరు కప్పిపుచ్చితే మీ మాట మీద కూడా నమ్మకం పోతుంది.

జవాబు తెలియనప్పుడు "నాకు తెలీదు, ఆదివారంలోగా చూసి చెప్తాను" అనండి. అన్నాక తప్పకుండా ఆదివారంలోగా ఆ మాట మీరే ఎత్తాలి. నా దృష్టిలో దీన్ని మించిన పద్ధతి లేదు. జవాబు అరకొరగా ఉన్నా, తన ప్రశ్నను అమ్మ నాలుగు రోజులు మోసిందని వాడికి తెలుస్తుంది.

ఎప్పుడు మాట్లాడాలంటే, ఎదురెదురుగా కూర్చోబెట్టి మాత్రం వద్దు. "ఇలా రా, నీతో మాట్లాడాలి" అనగానే ఏ పిల్లవాడైనా ఏం తప్పు చేశానా అని గుర్తుచేసుకుంటాడు. ట్యూషన్‌కి బండి మీద దింపే పది నిమిషాలు మంచి సమయం. ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు, ఎక్కువసేపూ సాగదు. చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం భోజనం దగ్గర, కరెంటు పోయి అందరూ వరండాలో కూర్చున్నప్పుడు కూడా మాటలు వాటంతటవే వస్తాయి. ద్వితీయోపదేశకాండము 6:7 చెప్పేదీ ఇదే: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు. బడి నుంచి ఆకలితో వచ్చిన అరగంట, మార్కులు వచ్చిన రోజు, చుట్టాల ముందు, ఫోన్ లాక్కున్న వెంటనే మాత్రం దేవుడి మాట ఎత్తకండి. ఎత్తితే అది తిట్టులో భాగంగానే గుర్తుండిపోతుంది.

"బైబిల్ చదివావా?" అంటే "ఆ" అంటాడు, అక్కడితో సరి. "ఇవాళ పాస్టర్ అయ్యగారి ప్రసంగంలో నీకు నచ్చని మాట ఏమైనా ఉందా?" అంటే ఒక్క క్షణం ఆగి మీ ముఖం చూస్తాడు, నిజంగానే అడుగుతున్నారా అని. ముందు మీది చెప్పండి: "శత్రువుల్ని ప్రేమించమన్నారు కదా, మా ఆఫీసులో ఆవిడ గుర్తొచ్చి నాకు కష్టమనిపించింది." చెప్పి ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక పెద్దలే జవాబు చెప్పేయడం వల్ల సగం సంభాషణలు అక్కడే చచ్చిపోతాయి. అతను ఏదన్నా అంటే దాని మీద ఇంకొక ప్రశ్న వేయండి, వాక్యం చెప్పి ముగించకండి. మొత్తం ఐదు నిమిషాలు దాటనివ్వొద్దు. ఇంకా మాట్లాడాలని ఉండగానే ఆపితే రేపు మళ్లీ కూర్చుంటాడు.

కుటుంబ ప్రార్థన ముప్పావుగంట జరుగుతుందని రాశారు. పదో తరగతి పిల్లవాడికి రాత్రి తొమ్మిదింటికి అది చాలా ఎక్కువ. పదిహేను నిమిషాలకు తెండి: పాట రెండు చరణాలు, ఏడెనిమిది వచనాలు, ఒక ప్రశ్న, రెండు చిన్న ప్రార్థనలు. మార్కు సువార్త వరసగా చదవండి. పదహారే అధ్యాయాలు, కథ వేగంగా నడుస్తుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మన బైబిల్లోని గ్రాంథికం నోరు తిరగదు, చదవలేక సిగ్గుపడి మౌనంగా ఉంటారు. అతన్ని ఇంగ్లీషులో చదవనివ్వండి, అవే వచనాలు మీరు తెలుగులో చదవండి.

ఉదాహరణకి మార్కు 4:35-41, ఏడు వచనాలు. దోనెలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి, యేసు తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యులు ఆయన్ని లేపి "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అంటారు. ఇక్కడ "దీనివల్ల మనం నేర్చుకునే పాఠం ఏమిటి?" అని అడిగితే సండే స్కూల్ జవాబు వస్తుంది: భయపడకూడదు. దాని బదులు "నువ్వు ఆ దోనెలో ఉంటే ఏమనేవాడివి?" అని అడగండి. "లేపి తిట్టేవాణ్ని" అన్నాడనుకోండి, కంగారుపడకండి. శిష్యులు చేసింది దాదాపు అదే. "మరి ఆయన ముందు గాలిని గద్దించాడా, వీళ్లనా?" అనండి. చూసుకుంటాడు: 39వ వచనంలో గాలిని, 40లో వీళ్లని. కోపంగా అరిచినవాళ్లను కూడా ఆయన ముందు కాపాడాడు, ప్రశ్న తర్వాత వేశాడు. ఆ వరస పిల్లవాడే కనిపెట్టాలి, మీరు చెప్పకండి.

ప్రార్థనలో చాలా ఇళ్లల్లో జరిగే పొరపాటు ఒకటుంది. "ప్రభువా, ఈ బిడ్డకి ఫోన్ పిచ్చి తీసేయండి, చెడు స్నేహాలు మాన్పించండి, పెద్దలకి లోబడే మనసివ్వండి" అని పిల్లవాడు పక్కనుండగా గట్టిగా ప్రార్థిస్తారు. అది దేవుడికి చెప్తున్నట్టు ఉండే తిట్టు. కళ్లు మూసుకుని ఉన్నాడు కాబట్టి ఎదురు మాట్లాడలేడు, "ఆమేన్" కూడా అనాలి. ప్రార్థన అంటే ముఖం ముడుచుకోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆ విన్నపాలు మీ ఏకాంత ప్రార్థనలో పెట్టుకోండి. అతని ముందు కృతజ్ఞతలు చెప్పండి, "రేపటి లెక్కల పరీక్షలో నెమ్మదినివ్వండి" అనండి, మీ సొంత తప్పు ఒప్పుకోండి. "ఇవాళ నేను పనమ్మాయి మీద అనవసరంగా అరిచాను, క్షమించండి" అని అమ్మ ప్రార్థించడం వింటే పిల్లవాడికి పశ్చాత్తాపం అంటే ఏమిటో అర్థమవుతుంది.

అలాగే మీతో రహస్యంగా చెప్పిన సందేహాన్ని స్త్రీల కూడికలో ప్రార్థన అంశంగా పెట్టకండి. ఆదివారానికల్లా నలుగురు ఆంటీలు "ఏం బాబూ, విశ్వాసంలో బలహీనపడ్డావంట?" అంటారు. ఆ తర్వాత మీకు ఇంకేం చెప్పడు. అయ్యగారితో మాట్లాడాలన్నా ముందు అతన్ని అడగండి.

వచ్చే ఏడాది ఇంటర్. అక్కడ ఎదురయ్యేవి ముందే మాట్లాడుకోవాలి. కాలేజీలో సరస్వతీ పూజ, వినాయక చవితి ప్రసాదం వస్తాయి. మన సంఘాల్లోనే దీనిమీద అభిప్రాయాలు వేరువేరు. 1 కొరింథీ 8వ అధ్యాయం, 10:25-31 కలిసి చదివి, మీ ఇంటి పద్ధతికి కారణం చెప్పండి. తీసుకోకూడదు అనుకుంటే ఎలా చెప్పాలో కూడా నోటితో అనిపించండి: "వద్దురా, మేం తీసుకోం, ఏమనుకోకు" అని నవ్వుతూ. దానియేలు కూడా రాజు భోజనం వద్దనుకున్నప్పుడు, దానియేలు 1:8లో అధికారిని వేడుకున్నాడు, 12లో పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. ఎక్కడా ఎవర్నీ చిన్నబుచ్చలేదు. అవతలివాళ్ల దేవుణ్ణి తక్కువచేసే మాట మన ఇంట్లో వినిపిస్తే, పిల్లవాడు స్నేహితుల ముందు మన విశ్వాసాన్ని చెప్పుకోవడానికే సిగ్గుపడతాడు.

అడ్మిషన్ ఫారంలో మతం, కులం గడులు కూడా ఈ వయసులోనే కంటపడతాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు మన రాష్ట్రాల్లో బీసీ-సి (వెనకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) కిందకి వస్తారు, రిజర్వేషన్ ఒక శాతం. చాలా కుటుంబాల్లో ఇది నొప్పి ఉన్న విషయం, మాట్లాడకుండా దాటేస్తారు. పిల్లవాడు మాత్రం సర్టిఫికెట్ చదువుతాడు, ఇంట్లో క్రైస్తవులమై ఉండి కాగితంలో హిందువులమని ఉంటే ఆ తేడా గమనిస్తాడు. మీకు వర్తించేదైతే ఈ చరిత్ర చెప్పండి, పెద్దలు ఏం చేశారో, ఎందుకు చేశారో చెప్పండి. అతను బాధపడితే పడనివ్వండి.

ర్యాంకు కోసం ప్రార్థన గురించి కాస్త గట్టిగానే చెప్తాను. "ప్రార్థన చేసుకో, సీటు వస్తుంది" అనకండి. దేవుడు ఇవ్వని మాట మనం ఆయన తరఫున ఇచ్చినట్టు అవుతుంది. సీటు రాకపోతే పోయేది ఆ మాట ఒక్కటే కాదు. దానియేలు 3:17-18లో అగ్నిగుండంలో వేస్తామని బెదిరించినప్పుడు ముగ్గురు యువకులు దేవుడు రక్షించగలడన్నారు, రక్షింపకపోయినా సరే అన్నారు. పరీక్షలకు ముందు చదవాల్సింది ఆ రెండో మాట. హాస్టల్లో వేస్తే వారానికి వచ్చే ఫోన్ ఐదు పది నిమిషాలే ఉంటుంది. "తిన్నావా, నిద్ర పడుతోందా" ముందు అడగండి, మార్కులు ఆఖర్న. "ఈ వారం నీ కోసం ఏం ప్రార్థించమంటావు?" అని అడిగి, రాసిపెట్టుకుని, తర్వాతి ఫోన్‌లో దాని సంగతి అడగండి.

ఆదివారం అందరితో కలిసి మందిరానికి రావడం ఇంటి పద్ధతిగా ఉంచొచ్చు, పదిహేనేళ్లకి అది అన్యాయమేమీ కాదు. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ (తన విశ్వాసాన్ని సంఘం ముందు తనే ఒప్పుకోవడం), సాక్ష్యం చెప్పడం మాత్రం బలవంతం చేయకండి, పెద్దమ్మగారి అబ్బాయి తీసుకున్నాడని అసలే వద్దు. వెనక బెంచీలో ఊరికే కూర్చోకుండా ఏదైనా పని అప్పగించమని అయ్యగారిని అడగండి. సౌండ్ సిస్టమ్, పాటల ప్రొజెక్టర్, వేసవి సెలవుల బైబిల్ స్కూల్ (వీబీఎస్)లో చిన్నపిల్లల గ్రూపు, ఏదైనా సరే. అమ్మానాన్న కాని ఒక పెద్దాయన వారం వారం పేరుపెట్టి పలకరించడం కూడా చాలా పనిచేస్తుంది.

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, అందరికీ దూరంగా ఉండటం, చావు మాటలు మాట్లాడటం ఉంటే అది వేరే విషయం. "ప్రార్థన తగ్గింది" అని తేల్చకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఒకరోజు "నేను నమ్మను" అని సూటిగా అన్నా ఏడవకండి, అయ్యగారికి ఫోన్ చేయకండి. "చెప్పినందుకు సంతోషం నాన్నా. ఎప్పటి నుంచి అలా ఉంది?" అనండి. మార్కు 9:24లో ఒక తండ్రి నమ్ముతున్నానని, తన అపనమ్మకానికి సహాయం చేయమని ఒకే ఊపిరిలో అడిగాడు. యేసు అతని కొడుకుని బాగుచేశాడు. ఆ భాగం ఆ పూటే చదివి వినిపించక్కర్లేదు, మీరు చదువుకోండి. అన్నం వేళకి రోజూలాగే పిలవండి. ఆ మాట వాళ్ల నాన్నగారితో మీరు చెప్పాలా, తనే చెప్తాడా అన్నది కూడా అతన్నే అడగండి.