రెడ్ పాండాకు చెట్లొక్కటే చాలవు

మీరు రెండు విషయాలు అడిగారు. డార్జిలింగ్ కొండల్లో, నేపాల్ సరిహద్దున ఉన్న సింగలీలా నేషనల్ పార్క్‌లో చెట్లు నరకడం నిషేధం, అడవి పచ్చగానే కనిపిస్తోంది, మరి చెట్ల మీద తిరిగే ఆ చిన్న ఎర్ర జంతువులు, రెడ్ పాండాలకు ఇంకా ముప్పేమిటి అన్నది మొదటిది. మొక్కలు నాటే సంస్థలకు డబ్బిస్తే ఆ పాండాలకు మేలు జరుగుతుందా అన్నది రెండోది.

నేను ఆ అడవికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఏప్రిల్‌లో, రోడోడెండ్రాన్ పూలు చూడ్డానికి వచ్చే అందరిలాగే మానేభంజన్ ఊరి నుంచి సందక్‌ఫూ శిఖరం దాకా నడిచాను. రెండోసారి ఫిబ్రవరిలో, కేవలం రెడ్ పాండా కోసం, అక్కడి ట్రాకర్ ఒకాయన వెంట ఆరు రోజులు తిరిగాను. మొదటిసారి నాకు కనిపించినవి చెట్లే. ఈ జంతువుకు కావాల్సింది చాలావరకు ఆ చెట్ల కింద ఉంటుందని ఆయనతో తిరిగాకే తెలిసింది.

ఆయన్ని దాజూ అని పిలిచేవాణ్ణి, నేపాలీలో అన్నయ్య అని. మొదటి రోజు పొద్దున్నే గైరిబాస్ దగ్గర ఏటవాలులో దిగుతున్నాం. నేను మెడ పట్టేసేలా కొమ్మలకేసి చూస్తుంటే ఆయన మాత్రం నేల చూసుకుంటూ నడుస్తున్నారు. ఒకచోట ఆగి, సన్న వెదురు పొదలోంచి ఒక రెమ్మ వంచి చూపించారు. ఆకుల కొసలు కత్తెరతో కోసినట్టు తెగి ఉన్నాయి, మొదళ్ళు మాత్రం కాడకే ఉన్నాయి. రెండడుగుల అవతల నాచు పట్టిన దుంగ మీద పెంటికల కుప్ప. రెండు కొసలా సన్నగా, మధ్యలో లావుగా, ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. ఒకదాన్ని పుల్లతో విడదీస్తే లోపల ఆకు ముక్కలు ముక్కలుగానే కనిపించాయి. "నిన్నటివి," అన్నారు దాజూ.

ఆ పెంటికల్లోనే సగం జవాబు ఉంది. రెడ్ పాండా పుట్టుకతో మాంసాహార జంతువుల వర్గానికి చెందింది, దాని పేగులు కూడా అలాంటివే, పొట్టివి. తినేది మాత్రం దాదాపు అంతా వెదురు ఆకే. తిన్నదాంట్లో ఒంటపట్టేది తక్కువ కాబట్టి మేలుకున్న సమయంలో ఎక్కువ భాగం తింటూనే ఉండాలి. అందులోనూ లేత కొసలు, చిగుళ్ళు ఏరుకుని తింటుంది. చలికాలంలో పళ్ళు దొరికితే అవీ తింటుంది గానీ బతుకంతా వెదురు మీదే. అంటే దట్టమైన వెదురు ఏడాది పొడవునా అందుబాటులో ఉండాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఆ వెదురు మన వేలంత లావు కూడా ఉండదు. నాలుగైదు కిలోల జంతువు దాన్ని పట్టుకుని పైకి ఎక్కలేదు, కాడ వంగిపోతుంది. మరి పైనున్న లేత ఆకులు అందేదెలా? కూలిన మానులు, మోడులు, పక్కనున్న పొదల కొమ్మలు ఎక్కి, అక్కణ్ణుంచి అందుకుంటుంది. పడిపోయిన చెట్టు దానికి నిచ్చెన, దారి, కూర్చుని తినే అరుగు, అన్నీను. నేపాల్, చైనా, భారత్‌లలో దీని ఆవాసం మీద పరిశోధన చేసినవాళ్ళు వెదురుతో పాటు కూలిన దుంగలను, మొద్దులను లెక్కపెట్టేది అందుకే.

ఇది విన్న రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఏప్రిల్ ప్రయాణంలో ఒక లాడ్జిలో బాగా చలిగా ఉందని, "ఇంకో నాలుగు కట్టెలు వెయ్యండి" అని రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. కట్టెల మీద నాచు ఇంకా తడిగా ఉండి చిటపటలాడింది. పచ్చి చెట్టు నరకడం లేదు కదా, ఎండి పడిపోయినవే కదా అని అప్పుడు నిశ్చింతగా చేతులు కాచుకున్నాను. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఫిబ్రవరిలో చూశాను. దాజూ నన్ను ఒకదాని పక్కన ఒకటి ఉన్న రెండు వాలులకు తీసుకెళ్ళారు. దూరం నుంచి రెండూ ఒకేలా ఉన్నాయి, పైన చెట్ల కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోయి. దగ్గరికెళ్తే, బాటకు దూరంగా ఉన్నదాంట్లో ప్రతి పది అడుగులకూ ఒక దుంగను దాటాల్సి వచ్చింది, వెదురు భుజాల దాకా ఉంది. రెండోదాంట్లో హాయిగా నడిచేశాం. ఎక్కడా దుంగ లేదు, వెదురును పశువులు మోకాలి ఎత్తు దాకా మేసేశాయి. అక్కడ ఒక్క పెంటిక కూడా దొరకలేదు. ఉపగ్రహ చిత్రంలో చూస్తే రెండూ అడవే.

వెదురు, కూలిన దుంగల తర్వాత దీనికి కావాల్సిన మూడోది తొర్ర. పిల్లలు జూన్, జులైలలో పుడతాయి, మామూలుగా ఒకటీ రెండూ. దాదాపు మూడు నెలలు గూట్లోనే ఉంటాయి. తల్లి వాటిని ఒక గూటి నుంచి ఇంకో గూటికి నోటితో పట్టుకుని మారుస్తూ ఉంటుంది కాబట్టి ఒక్క తొర్ర సరిపోదు, దగ్గర్లో రెండు మూడు ఉండాలి. అలాంటి తొర్రలు పడేది బాగా ముదిరిన ఫర్, ఓక్ మానులకే, నిలువునా ఎండిన చెట్లకే. కొత్తగా నాటిన మొక్క ఆ స్థితికి రావాలంటే తరాలు పడుతుంది. సింగలీలాను జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా మూసేస్తారు. ఆ సమయంలో వాన, జలగల మధ్య మనం తిరగలేం అన్నది అటుంచితే, పిల్లల తల్లికి ఆ మూడు నెలల నిశ్శబ్దం ఎంతో అవసరం.

చల్లదనం, నీరు, ఏటవాలు కూడా కావాలి. సుమారు 2,200 నుంచి 4,800 మీటర్ల మధ్య ఎత్తుల్లో ఉంటుంది, ఎండ వేడికి తట్టుకోలేదు, నీటి ఊటకు మరీ దూరం పోదు.

పశువులు మేయడం వల్ల జరిగే నష్టం మేతతో ఆగదు. నేపాల్ శాస్త్రవేత్త ప్రహ్లాద్ యోంజన్ 1980లలో అక్కడి లాంగ్‌టాంగ్ నేషనల్ పార్క్‌లో రెడ్ పాండాలను వెన్నంటి గమనించారు. చీజ్ తయారీ కోసం చౌరీల (యాక్, ఆవు సంకర పశువుల) మందలు పెరగడం, వాటితో పాటు మనుషులు, కుక్కలు అడవిలోకి రావడం పాండా పిల్లల ప్రాణం మీదికి తెస్తోందని చూపించారు. కుక్కలు వేటాడతాయి, పైగా డిస్టెంపర్ జబ్బు అంటిస్తాయి. అది రెడ్ పాండాకు ప్రాణాంతకం.

ఇంకొకటి, వెదురు కొన్ని దశాబ్దాలకోసారి ఒక వాలు మొత్తం ఒకేసారి పూసి చచ్చిపోతుంది. మళ్ళీ ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. అప్పుడు జంతువు పక్క కొండకు పోగలగాలి. మధ్యలో రోడ్డో, బయలో అడ్డొస్తే చిక్కుకుపోతుంది. సింగలీలాలో కొండ వెన్నే భారత్, నేపాల్‌ల సరిహద్దు, పాండా రెండు వైపులా తిరుగుతుంది. అందుకే నేపాల్ వైపు ఇలాం, పాంచ్‌థర్ జిల్లాల్లో ఊరివాళ్ళే అటవీ రక్షకులుగా గస్తీ తిరగడం మన వైపు అడవికీ మేలే.

నాలుగో రోజు మంచు కాస్త విడిచాక దాజూ నా భుజం తట్టి ఒక చెట్టు చూపించారు. వేలు పెట్టి చూపించినా నాకు ఆనలేదు. మాను నిండా ఎర్రటి గోధుమ రంగు నాచు, తెల్లటి పాచి. ఆ నాచులో ఒక ముద్ద కదిలి, తోక కింద నుంచి మొహం బయటపెట్టింది. దాని రంగు ఆ ముదురు చెట్లకు సరిపోయేలా ఉంది, కుర్ర చెట్టు మీద అయితే దూరం నుంచే పట్టిచ్చేస్తుంది. అరగంట పైన కదలకుండా నిలబడ్డాం. అది తలకిందులుగా దిగి, ఒక దుంగ మీదుగా నడిచి, చివర కూర్చుని, బొటనవేలిలా పనిచేసే మణికట్టు ఎముకతో వెదురు రెమ్మను పట్టుకుని వంచుకుంది. ఆకును నోటి పక్క నుంచి పెట్టుకుని నమిలింది. దుంగ లేకపోతే ఆ రెమ్మ దానికి అందేది కాదు.

డార్జిలింగ్ జూ ఈ జంతువుల్ని పెంచి అడవిలో వదిలే పని చేస్తోంది. అక్కడి నుంచి 2003లో రెండు ఆడ పాండాలను సింగలీలాలో వదిలారు. ఒకటి వేటజంతువు నోట పడింది, రెండోది అడవిలోనే పిల్లను కన్నది. కానీ ఎన్ని వదిలినా అవి దిగేది ఆ రెండు వాలుల్లో ఏదో ఒకదాంట్లోకే కదా.

ఇక మీ రెండో ప్రశ్న. డబ్బిచ్చే ముందు ఆ సంస్థను మూడు అడగండి. చెట్లతో పాటు స్థానిక వెదురు నాటుతున్నారా? ఊళ్ళకు, లాడ్జిలకు తక్కువ కట్టెతో మండే పొయ్యిలో, గ్యాసో అందిస్తున్నారా? ఉన్న ముసలి చెట్లను, కూలిన మానులను కదపకుండా చూస్తున్నారా? మూడోదానికి సరైన జవాబు చెప్పినవాళ్ళకే నేను ఇస్తాను. మీరే వెళ్తే స్థానిక గైడ్‌ను పెట్టుకోండి. లాడ్జిలో చలేస్తే ఇంకో దుప్పటి అడగండి, కట్టెలు వద్దు.