బావగారి బోరు పక్కన మరో బోరు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. 3 ఎకరాల చీనీ (బత్తాయి) తోట. ఒక బోరు ఎండిపోయింది, రెండోది పావుగంట పోసి ఆగిపోతోంది. 40 మీటర్ల అవతల బావగారి బోరు బాగా పోస్తోంది, దాని కింద ఎకరం వరి వేస్తారు. అక్కడే గట్టుకు ఇవతల వెయ్యి అడుగుల బోరు వేయిస్తానని మా ఆయన పట్టు. నా నగలు తాకట్టు పెట్టమంటున్నారు. ‘ఎవరి తోట వాళ్లు కాపాడుకోవాలి’ అంటున్నారు. ఏం చేయను?

జవాబు: నగలు ఇప్పుడే బయటికి తీయకండి. మీది రాతి నేల, అడుగున నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. అంత దగ్గర్లో వేస్తే ఇద్దరికీ ఒకే పగులు తగలొచ్చు. అప్పుడు మీకొచ్చేవి బావగారి నీళ్లే. ఆయన బోరు 2 రోజులు ఆపించి మీది ఎంతసేపు పోస్తుందో చూడండి. పావుగంట అరగంట అయిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కొత్త బోరు బదులు ఆయన బోరు నీళ్లే ఇద్దరూ పంచుకోవచ్చేమో చూడండి. అందుకు ఆయన పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి కొలవండి. మోటారు వేసిన వెంటనే వద్దు, బోరులో నిలవున్న నీళ్లతో లెక్క తప్పుతుంది. 2 గంటలు ఆడాక చూడాలి. 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు, 9 గంటల కరెంటుకు దాదాపు 65,000. ఎకరానికి 110 చొప్పున మీ 330 చెట్లకు, ఎండాకాలంలో చెట్టుకు 100 లీటర్లు డ్రిప్పులో ఇచ్చినా రోజుకు 33,000. మిగిలినవి ఎకరం వేరుశనగకు సరిపోతాయి. వరికి చాలవు, వేసవిలో దానికే రోజుకు 40,000 పైన కావాలి.

అంటే బావగారు వరి మానుకోవాలి. ఊరికే ఎందుకు మానుకుంటారు? పక్కన బోరు వేయబోమని మాటివ్వండి, మోటారు కాలితే సగం ఖర్చు పెట్టుకోండి, చీనీ రాబడిలో కొంత ఇవ్వండి. ఈ మాట మీ ఆయన నోట ముందుగా రాదు, అన్న ముందు చెయ్యి చాచినట్టు ఉంటుంది కదా. మీ తోటికోడలితో మొదలుపెట్టండి. ముందు డ్రమ్ము కొలత వరకే ఒప్పించండి.

వంతులు గంటల్లో పెట్టుకోవద్దు, కరెంటు పోయిన రోజు గొడవ అక్కడే మొదలవుతుంది. రోజు మార్చి రోజు పెట్టుకోండి. కరెంటు రాని రోజు ఎవరి వంతో, మర్నాడూ వాళ్లదే. ఇదంతా కాగితం మీద రాసుకోండి. డ్రమ్ము నిండడానికి 150 సెకన్లు దాటితే ఏం చేయాలో కూడా రాయండి: ముందు తోటకే నీళ్లు, బావగారి పంట నష్టం మీది. వేరుశనగ పోతే ఒక పంట, చీనీ చెట్టు ఎండితే మళ్లీ కాపుకు ఏళ్లు పడుతుంది.

మీ ఆయన అప్పటికీ వినకపోతే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద కొత్త బోరుకు ముందే అనుమతి తీసుకోవాలని చెప్పండి. ఆ కాగితం చేతికొచ్చాకే తాకట్టు సంగతి.