గీత చేతికి రావాలంటే

చిరంజీవి మేనకోడలికి పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

అమ్మలూ, ట్యాబ్‌లో తిన్నగా వచ్చే గీత కాగితం మీద వణుకుతోందని రాశావు. కంగారు పడకు. బొమ్మల యాప్‌లో స్టెబిలైజర్ అని ఒకటుంటుంది, చెయ్యి వణికిన చోటల్లా అదే గీతని సర్దేస్తుంది. పైగా బొమ్మని పెద్దది చేసుకుని గీస్తావు కాబట్టి మణికట్టు తప్ప భుజం కదలదు. ఆ వణుకు ఎప్పటినుంచో ఉన్నదే, కాగితం బయటపెట్టింది. ట్యాబ్ మానేయమనను. దాంట్లో స్టెబిలైజర్ సున్నాకి దించెయ్యి. రోజుకి ఓ అరగంట మాత్రం కాగితానికివ్వు.

హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు ఒక్కోటి, ఎ3 కార్ట్రిడ్జ్ కాగితాలు, అంటే బొమ్మలకి వాడే మందపాటివి, ఉంటే ఇప్పటికి చాలు. పెన్సిల్ని బ్లేడుతో చెక్కు, ములుకు సెంటీమీటరు బయటికి రావాలి. కాగితం బల్లమీద పరిచి గీస్తే పైభాగం నీ కంటికి దూరమై కుదించుకుపోయినట్టు కనబడుతుంది. నీకు తెలియకుండానే దాన్ని సాగదీసి గీస్తావు, నిలబెట్టి చూస్తే మనిషి బొమ్మకి తల పెద్దదైపోయి ఉంటుంది. అందుకని కాగితాన్ని ఓ అట్టకి తగిలించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని బల్ల అంచుకి ఏటవాలుగా ఆనించు. రబ్బరు మొదటి నెల ముట్టుకోకు. వెనక్కి తీసుకునే మీట లేదని తెలిస్తేనే చెయ్యి గీసేముందు ఆలోచిస్తుంది. ఈ ఒక్క మాట కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

జానెడు దూరంలో రెండు చుక్కలు పెట్టు. గాల్లోనే రెండుసార్లు చెయ్యి ఆడించి, మూడోసారి ఒకే ఊపులో గీసెయ్యి. చూపు పెన్సిల్ మొన మీద ఉండకూడదు, చేరాల్సిన చుక్క మీద ఉండాలి. తప్పితే దానిమీదే మళ్లీ దిద్దకు, పక్కన కొత్త చుక్కలు పెట్టుకో. దిద్దడం అలవాటైతే గీతకి వెంట్రుకలు మొలిచినట్టుంటుంది. రోజుకి 50 గీతలు చాలు.

వంపులకి మన మెలికల ముగ్గుని మించింది లేదు. రెండు సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు పెట్టి, పెన్సిల్ ఎత్తకుండా చుట్టిరా. ప్రతి చుక్క చుట్టూ ఖాళీ సమానంగా ఉందో లేదో చూసుకో. ఒకవైపు ఇరుకైపోతే అక్కడ వేళ్లతో తిప్పావన్నమాట, భుజం నుంచి రాలేదు.

అది కుదిరాక గంజపా ముక్కలు, అంటే మన ఒడిశా వైపు చేత్తో బొమ్మలు వేసే గుండ్రటి పేకముక్కలు. ఎనిమిది రంగుల ఆటకి 96 ముక్కలు, ఒక్కో రంగుకి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు. అంకెల ముక్కల్లోని గుర్తులన్నీ కలిపితే రంగుకి 55. ఏదో ఒక చిన్న గుర్తు తీసుకుని, చేపే అనుకో, 55సార్లు ఒకే కొలతలో వెయ్యి. ట్యాబ్‌లో ఒకటి గీసి కాపీ కొడితే అయిపోతుంది. చేత్తో వేస్తే మాత్రం ఇరవయ్యోది దాటాక చేప సన్నబడుతుంది, తోక వంకరపోతుంది. ఎక్కడ సన్నబడిందో గుర్తుపట్టి ఆపు, కాసేపు నడిచిరా.

చూసి గీయడానికి చెంబు చాలు. ఏటవాలుగా చూస్తే కోలగా కనబడే దాని మూతి కొసలు బాదంకాయలా మొనదేలకూడదు, కోడిగుడ్డులా తిరగాలి. పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు మూతికన్నా ఎక్కువ గుండ్రంగా కనబడుతుంది. చాలామంది అడుగుని తిన్నగీత గీసేస్తారు, చెంబు గాల్లో వేలాడుతుంది. చెంబు కొలతని పెన్సిల్ మీద తీసుకునేటప్పుడు చెయ్యి పూర్తిగా చాపు, మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది. వెలుగునీడలకి కళ్లు సగం మూసి చూడు.

బట్టమీద వేసే మన ఒడిశా బొమ్మ, పటచిత్రం, దానికి బట్ట తయారుచేస్తానన్నావు. చింతపిక్కలు రెండుమూడు రోజులు నానబెట్టి, రుబ్బి, నీళ్లతో కాచి, గుడ్డలో వడగట్టు. వడగట్టకపోతే ఉండలు బట్టమీద పొక్కుల్లా తేలతాయి. ఆ జిగురుతో పాత నూలుబట్ట రెండు పొరలు అంటించి, జిగురులో సుద్దపొడి కలిపి రెండువైపులా పుయ్యి. ఆరాక ముందు గరుకు రాయితో, తరవాత నున్నటి రాయితో రుద్దు. సుద్ద పూత మరీ మందమైతే చుట్టగానే పగులుతుంది, జిగురు మరీ తక్కువైతే పొడి రాలుతుంది. వానాకాలంలో జిగురు బూజు పడుతుంది, ఆ రోజుకి సరిపడా కాచుకో.

రంగుల సంగతి జాగ్రత్త. పాత పద్ధతిలో ఎరుపుకి వాడే ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, పసుపుపచ్చకి వాడే హరితాళంలో ఆర్సెనిక్ ఉంటుంది. అవి నూరొద్దు, కుంచె నోట్లో పెట్టి మొన చెయ్యొద్దు. దీపం మసి, ఎర్రమట్టి వెలగ బంకలో కలుపుకుని మొదలుపెట్టు.

కాగితాలన్నిటికీ తేదీ వేసి ఉంచు. నెలయ్యాక బాగున్నవి ఏరకుండా అన్నీ కట్టగట్టి బరంపురం నుంచి వచ్చేవాళ్లెవరిచేతైనా పంపు. చూసి, ఏది ఎక్కడ తప్పిందో వెనకవైపు రాసి పంపుతాను.

మీ మావయ్య