మెదడును బయటి నుంచి ప్రేరేపించే చికిత్సతో అల్జీమర్స్ మతిమరుపు తగ్గుతుందా?

పోయిన జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని చెప్పలేము. క్షీణత కొంత నెమ్మదించవచ్చనడానికి మాత్రం ఆధారాలున్నాయి. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం రూపొందించిన టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) అనే ప్రేరణ పద్ధతిలో, తలకు ఆనించిన తీగచుట్టలో క్షణకాలం ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, పుర్రె కిందనున్న నాడీకణాలను ఉత్తేజపరుస్తుంది. మత్తుమందు అక్కర్లేదు. రోగి మెలకువగానే కుర్చీలో కూర్చుంటారు. చుట్ట టకటకమని గట్టిగా చప్పుడు చేస్తుంది కాబట్టి చెవుల్లో ప్లగ్గులు పెడతారు.

రోమ్‌లోని శాంటా లూసియా ఫౌండేషన్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాధి స్వల్పం నుంచి మధ్యస్థం దాకా ఉన్న 50 మందిని రెండు జట్లుగా చేసి, జ్ఞాపకాలతో దగ్గరి సంబంధమున్న ప్రిక్యూనియస్ అనే మెదడు భాగంపై రెండు వారాలు దాదాపు రోజూ, ఆపై 22 వారాలు వారానికొకసారి ఒక జట్టుకు ఈ చికిత్స, రెండో జట్టుకు పోలిక కోసం పైకి అలాగే కనిపించే ఉత్తుత్తి చికిత్స చేశారు. అసలు చికిత్స పొందినవారి స్థితి దాదాపు నిలకడగా ఉండగా, ఉత్తుత్తి చికిత్స పొందినవారిది దిగజారింది. ఈ ఫలితం నిజంగా ఆశ కలిగించేదే అయినా, 50 మందితో తుది నిర్ణయానికి రాలేము.

మూర్ఛ వ్యాధి ఉన్నవారికి, తల లోపల అమర్చిన లోహపు క్లిప్పులు లేదా కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) ఉన్నవారికి ఇది ప్రమాదకరం కావచ్చు. దీనికి డబ్బు కట్టే ముందు న్యూరాలజిస్టును కలిసి, విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ సమస్య, డిప్రెషన్ వంటి నయమయ్యే కారణాలు ఉన్నాయేమో తప్పక పరీక్షించుకోండి.